ముప్పై ఒక్క చోట్ల ఎవెనోర్ ఇల్లు

డోన్ ఎవెనోర్ పొతోస్మె ఇంటికి వెళ్ళాలంటే ఒకప్పుడు ఐస్ ఫ్యాక్టరీ ఉన్న చోటు నుంచి సరస్సు వైపు రెండు వీధులు నడిచి, పొద్దుపొడుపు వైపు అర వీధి తిరగాలి. ఐస్ ఫ్యాక్టరీ డెబ్భై రెండో సంవత్సరం భూకంపంలో కూలిపోయింది. అక్కడిప్పుడు టైర్ల కొట్టుంది. కానీ టైర్ల కొట్టు నుంచి అని చెబితే మా మనాగువాలో టాక్సీవాడికి కూడా అర్థం కాదు. నాకు ఇందులో వింతేమీ లేదు. నేనూ ఈ ఊళ్ళోనే పుట్టాను, మా ఇల్లు కూడా కొట్టేసిన ఒక చెట్టు నుంచి మూడో వీధిలోనే ఉంది. మనుషులకు ఇలా దారి చెప్పినంత కాలం ఎవరికీ ఇబ్బంది లేదు. కంప్యూటర్లకు కూడా ఇలాగే దారి చెప్పే మనిషితో మూడు వారాలు కూర్చున్నాను చూడండి, అప్పుడు నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయనకు అరవై నాలుగేళ్ళు, గౌరవంగా డోన్ అని పిలిచే వయసు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో బీన్సు అన్నం డబ్బా. మా ఆఫీసు పని నదుల మట్టం కనిపెట్టడం. దేశంలో ముప్పై ఒక్క చోట్ల నది ఒడ్డున కొలబద్ద, దాని పక్కన ఒక గది, గదిలో ఒక కంప్యూటరు, దాన్ని చూసుకునే మనిషి ఉంటారు. నీళ్ళు ఎర్రగీత దాటితే సైరన్ మోగుతుంది, కింది ఊళ్ళవాళ్ళు పిల్లాజెల్లాతో మెరక మీదికి పోతారు. ఆ సైరన్ మోగించే ప్రోగ్రాం పేరు గర్రోబో. అది మేం పులుసు పెట్టుకు తినే ఉడుములాంటి జంతువు. నీళ్ళొస్తే అందరికన్నా ముందు చెట్టెక్కేది అదేనని ఎవెనోర్ ఆ పేరు పెట్టాడు.

పంతొమ్మిదేళ్ళ క్రితం దాన్ని రాసింది ఆయనొక్కడే. ఎంత కోపంలో ఉన్నా ఒక మాట ఒప్పుకోవాలి. గర్రోబో మోగాల్సినప్పుడు మోగకుండా ఉన్నదీ లేదు, ఊరికే మోగి జనాన్ని పరుగులు పెట్టించిందీ లేదు. నడిస్తే దానంత బాగా నడిచేది ఇంకోటి లేదు. నడిపించడమే గొడవ.

మనిషి రాసిన ప్రోగ్రాం రాసింది రాసినట్టుగా నడవదు. దాన్ని కంపైల్ చేయాలి, అంటే ఆ యంత్రం నేరుగా నడపగలిగే ఎగ్జిక్యూటబుల్‌గా మార్చాలి. ఒక రకం యంత్రానికి చేసింది ఇంకో రకంలో కదలదు. మా గదుల్లో మూడు రకాలున్నాయి: పాత ల్యాప్‌టాప్‌లు, కొత్త ల్యాప్‌టాప్‌లు, అరచేతిలో పట్టే చిన్న బోర్డులు. తిన్నగా పనిచేసే చోట ఒకేచోట కూర్చుని మూడింటికీ కంపైల్ చేసి, కావలసిన సరంజామా అంతా కలిపి ప్యాకేజీ కడతారు. దాన్ని ఎవరైనా ఎక్కడైనా ఒక్క ఆదేశంతో ఎక్కించుకోవచ్చు. ఎవెనోర్ ఏం చేసేవాడు? ఏటా ఏప్రిల్‌లో బస్సెక్కేవాడు. ఒక్కో గదికీ వెళ్ళి, ఆ యంత్రం ముందే కూర్చుని, అక్కడే కంపైల్ చేసి, అక్కడ లేనిది అక్కడే అతికించి, వాళ్ళు పెట్టిన కోడి పులుసు తిని, ఉయ్యాల మంచంలో పడుకుని, పొద్దున్నే ఇంకో బస్సెక్కేవాడు. అలా ముప్పై ఒక్క గదుల్లో ముప్పై ఒక్క గర్రోబోలు తయారయ్యాయి. ఏ రెండూ ఒకటి కావు.

అందుకే మే నెలలో మొదటి వాన పడిన రోజు ఆయన ఫోను మోగుతూనే ఉండేది. "డోన్ ఎవెనోర్, తెర నల్లగా ఉంది." "డోన్ ఎవెనోర్, కంప్యూటరు మార్చారు, మీ ఉడుము లేవట్లేదు." ఆయన ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో చెంచా పట్టుకుని జవాబులు చెప్పేవాడు. ఎదురుగా డబ్బాలో అన్నం చల్లారి గట్టిపడిపోయేది. "ఒక్క ఏడాదైనా వీళ్ళు నన్ను వేడన్నం తిననిస్తారా! నేను లేకపోతే వీళ్ళేమైపోతారో!" అని నెత్తి కొట్టుకునేవాడు. ఏటా మేం వినే పాట అదే.

ఈ ఏడాది ఆయన మోకాలు బస్సు మెట్లెక్కనని మొండికేసింది. ఏప్రిల్ మొదట్లో మా డైరెక్టరమ్మ ఉర్రోస్ మా ఇద్దరినీ పిలిచింది.

"చూడండి డోన్ ఎవెనోర్, జూన్‌లో మీరు రిటైరవుతున్నారు. మే ఒకటో తేదీ లోపల గర్రోబో ఏ యంత్రంలోనైనా దానంతటదే ఎక్కాలి. మీరు పక్కన లేకుండా. ఎక్కిందా, ఉంటుంది. ఎక్కలేదా, బయటి కంపెనీ ప్రోగ్రాం తెప్పిస్తాను, మీది తీసేస్తాం."

ఎవెనోర్ జేబులో పెన్నులు సర్దుకున్నాడు. "పంతొమ్మిదేళ్ళమ్మా," అన్నాడు.

"అందుకే కదా గడువిస్తున్నాను. ప్యాకేజీ సంగతి అరసేలి చూసుకుంటుంది."

అరసేలి అంటే నేనే. ప్యాకేజీలు కట్టడం నా ఉద్యోగం. ఆ గడువు మధ్యలోనే ఈస్టరు ముందు పవిత్ర వారం వచ్చింది. దేశమంతా మూటాముల్లె కట్టుకుని సముద్రానికి పోయింది. మా అక్కలు చేపలు వేయించుకుంటున్న ఫోటోలు పంపుతుంటే, నేను ఖాళీ ఆఫీసులో ఎవెనోర్‌తో మిగిలాను.

ప్యాకేజీ కట్టడానికి నేను ఖాళీ యంత్రాన్ని వాడతాను. అది ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, పని కాగానే చెరిగిపోతుంది. ఏది ఎక్కణ్ణించి తేవాలో, ఏది ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో దానికొక చీటీ రాసివ్వాలి. మేం దాన్ని వంటచీటీ అంటాం. చీటీలో లేనిది దానికి తెలియదు.

మొదటిసారి మొదలుపెట్టిన నాలుగో సెకనుకే ఆగిపోయింది. ఆ తప్పు నాది. గర్రోబో రాత ఉన్న సర్వర్ పేరు చీటీలో అలవాటుగా రాసేశాను. ఆ సర్వర్‌ని పీకేసి రెండేళ్ళయింది.

ఎవెనోర్ కడుపు పట్టుకుని నవ్వాడు. "అమ్మాయ్, పసిదాన్ని పట్టుకుని కొట్టేసిన చెట్టు దగ్గరికి పంపావే!"

చీటీ దిద్దుకున్నాను. పని ఆగిపోయినవాటిలో ఆ ఒక్కటే నాది, తర్వాతవన్నీ ఆయనవే.

"ఒక ఫైలు దొరకలేదంటోంది," అన్నాను.

"దొరక్కపోవడమేంటి? అక్కడే ఉంటుందిగా."

"ఎక్కడ?"

ఆయన మూతి ముందుకు చాచి తెర వైపు చూపించాడు. ఇక్కడ అందరం దారి అలాగే చూపిస్తాం, వేలెత్తడం బద్ధకం. తెర మీద అరవై పేర్లున్నాయి.

"మూతితో కాదండీ, మాటతో చెప్పండి!"

"పటాల ఫోల్డరుందే, దాని పక్కన."

"పటాల ఫోల్డరెక్కడుంది?"

"అదిప్పుడు లేదులే. రెండువేల పదకొండులో తీసేశా. కానీ దాని పక్కనే."

"డోన్ ఎవెనోర్, ఈ యంత్రం ఇందాకే పుట్టింది. దానికి పటాలు తెలీవు, రెండువేల పదకొండు తెలీదు, మీరెవరో కూడా తెలీదు."

"పాపం," అన్నాడు. నిజంగానే జాలిపడ్డాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అక్కణ్ణించి రోజూ ఇదే వరస. సైరన్ శబ్దానికి ఆయన వాడిన లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క, అందరి దగ్గరా ఉండేదే, కానీ ఆయన దాన్ని ఎప్పుడో చేత్తో మార్చుకున్నాడు, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఏది ముందు కంపైల్ చేయాలని అడిగితే, "చూస్తే తెలిసిపోతుందిలే," అంటాడు. పాత ల్యాప్‌టాప్‌లకు సరిపోయిన అంకెల లెక్క చిన్న బోర్డుల్లో తలకిందులయింది, నది మట్టం సున్నాకన్నా తక్కువ చూపించింది. ఒక్కోసారి దిద్ది మళ్ళీ మొదలుపెడితే నలభై నిమిషాలు. నలభై నిమిషాలు కాచుకుంటే చివర్లో ఆగిపోయిందని ఒక ఎర్ర గీత. గుడ్ ఫ్రైడే ముందు రోజు ఆయన ఒక గిన్నె పట్టుకొచ్చాడు. మామిడి, బొప్పాయి బెల్లం పాకంలో ఉడికించి పవిత్ర వారంలో చేసుకునే తీపి. "మా చెల్లెలు పంపింది. తిను, కోపం తగ్గుతుంది," అన్నాడు. తిన్నాను. బాగుంది. కోపం మాత్రం తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ జున్ను పులుసు చేసిందంటే ఇంటికి వెళ్ళి తినొచ్చాను. తిరిగొచ్చేసరికి తెర మీద అన్నీ పచ్చ గీతలే. మూడు రకాల ఎగ్జిక్యూటబుళ్ళూ తయారయ్యాయి, పరీక్షలన్నీ గట్టెక్కాయి, ప్యాకేజీ కట్టుకుని కూర్చుంది.

"ఏం చేశారు?" అని అరిచాను.

"ఏముంది, చిన్న సర్దుబాటు," అన్నాడు ఎవెనోర్.

సంతోషంలో ఆ మాట పట్టించుకోలేదు. పచ్చ గీత కనబడ్డాక చీటీ మళ్ళీ చదివేవాళ్ళు ఎవరుంటారు? నేను చదవలేదు. అది నా రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది.

డైరెక్టరమ్మ పరీక్షకు పాసో ఓహోచె గదిని ఎంచుకుంది. అక్కడి ల్యాప్‌టాప్ ఫిబ్రవరిలో చచ్చిపోయింది, కొత్తది వచ్చి డబ్బాలోనే ఉంది, దాని మీద ఎవెనోర్ చెయ్యి ఇంకా పడలేదు. అక్కడ నదిని చూసుకునే డోన్యా తొమాసా సెంతేనో స్వయంగా ప్యాకేజీ ఎక్కించాలి, నేను సాక్షిని. ఎవెనోర్‌ని ఎవరూ రమ్మనలేదు. అయినా ఏప్రిల్ ఇరవై ఎనిమిది పొద్దున్న బస్టాండులో మోకాలికి పట్టీ కట్టుకుని, ఇస్త్రీ చొక్కాతో నాకన్నా ముందే నిలబడి ఉన్నాడు. బస్సులో నాలుగు గంటలూ ఏ గదిలో ఎవరి కోడి పులుసు ఎలా ఉంటుందో చెబుతూనే ఉన్నాడు.

తొమాసా గుమ్మంలో నిలబడి ఉంది. "ఏంటయ్యా ఎవెనోర్, మోకాలరిగింది, ఇక రాడన్నారు. ఇంకా బతికే ఉన్నావా?"

"నీ పులుసు తినకుండా పోతానా?"

"తిందువుగాని. ముందు ఈ అమ్మాయి పని కానీ."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని ఒక్క వేలితో ఆదేశం కొట్టింది. ప్యాకేజీ చక్కగా ఎక్కింది. గర్రోబోని లేపమన్నాను. లేపింది. తెర మీద ఒకే ఒక్క వాక్యం వచ్చింది: ఎవెనోర్ ఇల్లు, బల్ల, కొలతల పట్టిక, దొరకలేదు.

"నీ ఇంటిని మా ఊళ్ళో వెతుకుతోందేంటయ్యా ఇది?" అంది తొమాసా.

కంప్యూటర్లో ప్రతి మనిషికీ సొంత ఫోల్డరు ఉంటుంది, దాన్ని ఇల్లనే అంటారు. ఏ నదికి ఎర్రగీత ఎక్కడో చెప్పే కొలతల పట్టిక కోసం గర్రోబో ఎవెనోర్ ఇంట్లో, బల్ల అనే ఫోల్డర్లో చూస్తోంది. కొత్త ల్యాప్‌టాప్‌లో తొమాసా ఇల్లుంది కానీ ఎవెనోర్ ఇల్లెక్కడుంటుంది? మరి ఖాళీ యంత్రంలో పరీక్షలన్నీ ఎలా నెగ్గాయి? నేను ఎవెనోర్ వైపు తిరిగాను. ఆయన పైకప్పు చూస్తున్నాడు.

"డోన్ ఎవెనోర్. ఆ రోజు ఏం చేశారు?"

"నువ్వు అన్నానికి వెళ్ళావు కదా. అది దారి తెలీక ఒకటే తిరుగుతోంది. జాలేసింది. చీటీ మొదట్లో రెండు లైన్లు రాశా. అక్కడ నా పేరున ఒక ఇల్లు కట్టి, బల్ల మీద పట్టిక పెట్టా. అంతే."

"అంతేనా!"

"ఊరికి కొత్తవాడొచ్చి దారడిగితే చెయ్యి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టమా ఏంటి? నువ్వు దిగబెట్టవా?"

దిగబెడతాం. నేనూ దిగబెడతాను. అదే నా ఒంటికి ఇంకా మంట పెట్టింది.

"మిగతా ముప్పై చోట్లా?"

"అన్ని చోట్లా అంతేనమ్మాయ్. వెళ్ళగానే ముందు ఇల్లు కడతా, తర్వాతే గర్రోబో."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు పంతొమ్మిదేళ్ళు గడిపాడు మహానుభావుడు! ఎక్కడ కంప్యూటరు మార్చినా ఫోనెందుకు మోగేదో అప్పుడర్థమైంది. మారిన ప్రతి యంత్రంతోనూ ఆయన ఇల్లు కూలిపోయేది, ఆయనొచ్చి మళ్ళీ కట్టేదాకా నది కాపలా లేకుండా ఉండేది. నేను అరిచాను. సిగ్గులేదా అన్నాను, మిమ్మల్ని నమ్మినందుకు నాకు బుద్ధిలేదన్నాను, బయటి కంపెనీవాళ్ళే నయమన్నాను. చివరి మాట అనకుండా ఉండాల్సింది. ఆయన మొహం చిన్నబోయింది.

తొమాసా నీళ్ళ చెంబు తెచ్చి మా మధ్య పెట్టింది. "అరిచింది చాలు తల్లీ. గడువుకింకా మూడు రోజులుంది కదా? నా గదిలో ఈ ఉడుమే ఉండాలి. కొత్తదాన్ని నేను నమ్మను. ఏం చెయ్యాలో చెయ్యండి."

ఏం చేయాలో తెలిసిందే. చీటీలో ఆ రెండు లైన్లూ తీసేయాలి. గర్రోబో పట్టికను ఎవరింట్లోనూ వెతకకుండా, ప్యాకేజీ దాన్ని ఎక్కడ పెడుతుందో అక్కడే వెతికేలా ప్రోగ్రాం మార్చాలి. ఆ ఇల్లు ప్రోగ్రాంలో నలభై మూడు చోట్ల ఉంది. నా ల్యాప్‌టాప్ ఎవెనోర్ ముందుకు తోశాను.

"అన్నీ తీసేయాలా?" అన్నాడు.

"అన్నీ."

ఆయన ఒక్కొక్కటే వెతికి, చదివి, తీసేశాడు. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. ఈసారి నేను పక్కనే కూర్చుని ప్రతి లైనూ చదివాను, చీటీ మూడుసార్లు చదివాను. సిగ్నల్ కోసం కోళ్ళ గూటి వెనక గుట్టెక్కి, ఆఫీసులోని ఖాళీ యంత్రానికి పంపాను. నలభై నిమిషాలు. అంతసేపూ కోడి పులుసు తిన్నాం. ఎవెనోర్ ఎముక చేత్తో పట్టుకుని కొరకడం మర్చిపోయాడు.

పచ్చ గీతలొచ్చాయి. ప్యాకేజీ దింపుకున్నాను. తొమాసా పాతదాన్ని తీసేసి కొత్తది ఎక్కించింది. ఎవెనోర్‌ని రెండు చేతుల మీదా కూర్చోమన్నాను. బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె ఒక్క వేలితో గర్రోబోని లేపింది. నది మట్టం ఒకటిన్నర మీటర్లని తెర మీద అంకె వచ్చింది. పరీక్ష సైరన్ నొక్కమంటే నొక్కింది. మూడు పొట్టి కూతలు. కోళ్ళన్నీ గాల్లోకి లేచాయి.

"అయిందా?" అంది తొమాసా.

"అయింది," అన్నాను.

"ఇంతేనా? ఓరి నీ! ఈ ఒక్క వేలి పనికేనా పంతొమ్మిదేళ్ళు నాతో కోళ్ళు కోయించావు?"

ఎవెనోర్ నవ్వాడు. మేమిద్దరం ఆపేశాక కూడా కొంచెంసేపు నవ్వుతూనే ఉన్నాడు. తిరుగు బస్సులో మాత్రం పులుసుల గురించి ఏమీ చెప్పలేదు. నాకు నడుం నొప్పి, మూడు వారాల కోపం. నిద్రపోయాడనుకున్నాను.

డైరెక్టరమ్మ కాగితం మీద సంతకం పెట్టింది. గర్రోబో నిలబడింది. మిగతా ముప్పై గదులవాళ్ళూ వారంలో ఎవరి ప్యాకేజీ వాళ్ళే ఎక్కించుకున్నారు. ఎవెనోర్ మిగిలిన సెలవులన్నీ పెట్టుకుని మోకాలికి మందు రాసుకుంటూ ఇంట్లో కూర్చున్నాడు.

మే పదిహేడున మొదటి వాన పడింది. పొద్దున మొదలై, రేకుల మీద రాళ్ళు పోసినట్టు కురిసింది. నేను తెర ముందే ఉన్నాను. ముప్పై ఒక్క వరసలూ పచ్చగా ఉన్నాయి, అంకెలు పెరుగుతున్నాయి, ఎక్కడా తేడా లేదు. ఎన్నాళ్ళకో కాళ్ళు చాపుకుని కాఫీ పోసుకున్నాను. పన్నెండున్నరకు ఫోను మోగింది. ఎవెనోర్.

"అమ్మాయ్, లైన్లేమైనా తెగిపోయాయా?"

"లేదండీ. ఏం?"

"నా ఫోను బాగానే ఉందా? నా మాట వినబడుతోందా?"

"బాగా వినబడుతోంది."

"పొద్దుట్నించీ ఎవరూ చెయ్యలేదు. వాన మీ దగ్గరేనా, అంతటా ఉందా?"

"అంతటా ఉంది, డోన్ ఎవెనోర్. ముప్పై ఒక్కటీ నడుస్తున్నాయి."

"తొమాసాది?"

"అదీ నడుస్తోంది."

"ఒక్కటి కూడా ఆగలేదా?"

"ఒక్కటి కూడా," అన్నాను గర్వంగా. ఆ గర్వానికి ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

అవతల రేకుల మీద వాన చప్పుడు వినబడింది. తర్వాత డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"అయితే ఇవాళ అన్నం వేడిగానే తినొచ్చన్నమాట," అని ఫోను పెట్టేశాడు.